ఊరంతా ఒక్కరోజే పుట్టింది

రామన్నపేట దగ్గరి ఒక ఊరి ఉన్నత పాఠశాలలో నేను సోషల్ టీచర్‌గా చేరేనాటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. చిట్యాలలో ఇల్లు కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఊళ్లో సగం ఇళ్లు గొర్రెలు కాసేవాళ్లవి. మిగతావి వరి, పత్తి వేసుకునేవాళ్లవీ, కూలికి పోయేవాళ్లవీ. నా పీరియడ్ ఎప్పుడూ మధ్యాహ్న భోజనం తర్వాతే పడేది. పప్పన్నం తిని వచ్చిన పిల్లలకు రాజవంశాల గురించి చెప్పడమంటే జోల పాడటమే. తొమ్మిదో తరగతిలో ఒకడు కళ్లు తెరిచి నిద్రపోయే విద్య కూడా సాధించాడు.

ఎలాగైనా వాళ్లను లేపాలని ఒక శనివారం పుస్తకం మూసేశాను. చరిత్ర ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పడం మొదలుపెట్టాను. రాతి మీది శాసనం, మట్టిలో దొరికిన నాణెం, పాత పత్రం, ఫోటో, ఆ కాలంలో బతికిన మనిషి నోటి మాట, వీటిని ప్రాథమిక ఆధారాలంటారని చెప్పాను. "ఒక సంగతి జరిగినప్పుడు అక్కడున్నవాళ్లు చెప్పిందే ప్రాథమిక ఆధారం. తర్వాత పుట్టినవాళ్లు చెప్పేది కాదు" అని బల్ల గుద్ది మరీ చెప్పాను. పిల్లలు లేచి కూర్చున్నారు. నాకు ఉత్సాహం వచ్చింది. ఇంకా ఉదాహరణలు చెప్పేలోపే ఇంటిగంట కొట్టారు. సంచులు సర్దుకుంటున్న పిల్లలకు వినబడేలా అరిచాను.

"సోమవారం అందరూ ఇంటి నుంచి తలా ఒక ప్రాథమిక ఆధారం తేవాలి. ఎంత పాతదైతే అంత మంచిది!"

సోమవారం బస్సు దిగి బడి మలుపు తిరిగేసరికి గేటు ముందు జనం. ఎవరో పోయారేమో అనుకున్నాను. దగ్గరికి వెళితే ఎవరి ముఖంలోనూ దుఃఖం లేదు, ఆశ ఉంది. ఆడవాళ్లు కొంగు ముడిలో, మగవాళ్లు అంగీ జేబులో ఏవో కాగితాలు పెట్టుకుని వరుసలో నిలబడ్డారు. నిలబడలేని ముసలివాళ్లు తమ బదులు చెప్పులను వరుసలో పెట్టి గోడ నీడన కూర్చున్నారు. నన్ను చూడగానే గుసగుస లేచింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. గొంగడి భుజాన వేసుకున్న ఒక పెద్దాయన ముందుకొచ్చాడు.

"మేడం, ఒరిజినల్ గావాల్నా, జిరాక్సు సాలా?"

"దేని ఒరిజినల్?"

"గదే మేడం, మీరడిగిన ప్రాథమిక ఆధార్."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. శనివారం సాయంత్రం పిల్లలు ఇంటికి పోయి, మేడం ప్రాథమిక ఆధారం తెమ్మందని చెప్పారు. పాతదైతే మంచిదని కూడా చెప్పారు. అప్పటికి ప్రతి పనికీ ఆధార్ అడిగే కాలం వచ్చేసింది. ఊరు ఆ మాటను తనకు తోచినట్టు విన్నది. అంటే ఇప్పుడున్నది కాక ఇంకో రకం ఆధార్ ఉందన్నమాట. బడిలో ఎందుకు అడుగుతారు? ఏదో ఇవ్వడానికే. ఏమిస్తారు? ఆ రోజుల్లో ఊళ్లో అందరూ సర్కారు గొర్రెలు పంచే పథకం గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి, ఆదివారం పొద్దుటికే అది గొర్రెలని తేలిపోయింది. మధ్యాహ్నానికి దానికి షరతులు కూడా పుట్టాయి. ముందిచ్చినవాళ్లకు ఆడ గొర్రెలట, వెనకిచ్చినవాళ్లకు పొట్టేళ్లేనట.

పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, ఆఫీసు గదిలో ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంటున్నాడు. ఇంకొన్నాళ్లలో రిటైర్ కాబోతున్న మనిషి. ఆ కొన్నాళ్లూ బడిలో ఏమీ జరగకుండా ఉంటే చాలనుకునేవాడు.

"ఏం చెప్పిన్రు మేడం మీరు పిల్లలకు?"

"పాఠం చెప్పాను సార్."

"పాఠం చెప్తే గింత మంది వస్తరా?"

ఆయనే బయటికి వెళ్లి మెట్ల మీద నిలబడి గట్టిగా చెప్పాడు. "ఇది పిల్లల పాఠం. గొర్రెలు లేవు. అందరు ఇండ్లకు పోండి."

జనంలోంచి ఒకామె అడిగింది. "లేవంటే అయిపోయినయా సార్?"

"అయిపోలేదమ్మా, అసల్కే లేవు."

"పొద్దుగాల్నే వస్తిమి గదా, గింతల్నే ఎట్లయిపోతయ్? ఎవలకిచ్చిన్రో చెప్పున్రి మరి!"

దాంతో గొడవ కొత్త మలుపు తీసుకుంది. ఎవరెవరికి ఇప్పటికే ముట్టాయో అప్పటికప్పుడు పేర్లు వినబడటం మొదలైంది. ఆ పేర్లవాళ్లు కూడా వరుసలోనే ఉన్నారు. వాళ్లు తమకు ముట్టలేదని ఒట్లు వేస్తున్నారు. పెద్దసారు లోపలికి వచ్చి నా వంక చూశాడు. మళ్లీ బయటికి వెళ్లి, "సరే, జిరాక్సులు గీ బల్ల మీద పెట్టిపోండి" అన్నాడు. అరగంటలో గేటు ఖాళీ అయింది. బల్ల మీద ఊరంతా కుప్ప పడింది.

ఆ తర్వాత చాలాకాలం బస్టాప్ దగ్గర ఒకాయన నన్ను ఆపి అడిగేవాడు. "మేడం, మీరు రోజు గా తొవ్వనే వస్తరు గదా. గొర్రెలు చిట్యాల దాటినయా?"

ఆ కుప్పను ఏం చేయాలో పెద్దసారుకు తోచలేదు. పిల్లలతో తిరిగి ఇళ్లకు పంపిస్తానని చెప్పి నేను తొమ్మిదో తరగతికి తీసుకుపోయాను. పంచేముందు ఒక ఆలోచన వచ్చింది. ఇవి కూడా పత్రాలే కదా. పొరపాటున వచ్చినా ఆధారాలే. ఎవరింటి కాగితాలు వాళ్లకిచ్చి, "వీటిని చూసి మీ ఇంటి గురించి ఏం తెలుస్తున్నదో చెప్పండి" అన్నాను.

కాసేపు కాగితాల చప్పుడు. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి లేచింది. గొర్రెలు కాసే ఇంటి పిల్ల. ఏదీ ఊరికే నమ్మదు. నేను చెప్పింది పుస్తకంలో ఉందో లేదో వేలు పెట్టి చూసుకునేది.

"మేడం, మా ఇంట్ల అందరు జనవరి ఒకటినే పుట్టిన్రు."

"మా ఇంట్ల గూడ మేడం."

"మా తాత, అవ్వ, పెద్దమ్మ, గందరు జనవరి ఒకటే."

గదిలో కలకలం మొదలైంది. పక్కవాళ్ల కాగితాలు లాక్కుని చూస్తున్నారు. నడివయసు దాటినవాళ్లలో వేరే తేదీ ఉన్న మనిషిని వెతకడం ఒక ఆటైపోయింది. కళ్లు తెరిచి నిద్రపోయే పిల్లవాడు ఆ రోజు నిజంగానే మేలుకున్నాడు. చాలాసేపు ఆలోచించి వాడొక ప్రశ్న అడిగాడు.

"మేడం, అప్పుడు ఊర్ల మంత్రసాని ఒక్కతే ఉండె గదా. గా రోజు ఆమె అన్ని ఇండ్లకు ఎట్ల తిరిగింది?"

వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది. "మంత్రసాని గూడ గా రోజే పుట్టిందిరా. గిదో, మా తాతమ్మే."

నవ్వు ఆపుకుని అసలు సంగతి చెప్పాను. పుట్టిన తేదీ తెలియదన్నవాళ్లకు, ఆధార్ మిషన్ పట్టుకుని వచ్చినవాళ్లు ముఖం చూసి ఒక ఏడు, దానికి జనవరి ఒకటీ వేస్తారు. ఏదో ఒకటి రాస్తేగాని కంప్యూటర్ ముందుకు పోదు. కాబట్టి ఆధారమైనా సరే అనుమానించాలి, ఇంకోదానితో సరిచూడాలి. నేను ఎన్నాళ్లుగానో చెప్పాలనుకున్న పాఠం కుప్పగా నా ముందే పడి ఉంది.

మొదటి బెంచీ అమ్మాయి ఇంకా కాగితాల నుంచి తలెత్తలేదు.

"మేడం, మా చిన్నాయిన మా బాపు కంటే పెద్దోడు."

"అది తప్పు పడి ఉంటుంది."

"మా అవ్వ ఇద్దరికంటె చిన్నది మేడం."

"ఇంటికి పోయి వాళ్లనే అడుగు. ఏం చెప్పారో రేపు వచ్చి చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి అడిగింది. రాత్రి అన్నాలు తింటున్నప్పుడు, అందరూ ఉండగా అడిగింది. మొదట అందరూ నవ్వారట. అందరికంటే ఎక్కువ నవ్వింది చిన్నాయినే, అంటే ఆమె బాబాయి. నవ్వి, కాగితం చేతికి తీసుకుని, చూసి, ఇంకోసారి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడట.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. గొర్రెలు కాసేవాళ్ల దేవుడు బీరప్ప పండుగ నాడు మందకు ముందు నడిచే పొట్టేలుకు పసుపు పూసి బొట్టు పెట్టేది ఇంటి పెద్దకొడుకు. ఆ రోజు కొత్త గొంగడి కూడా అతనికే. పండుగ దగ్గర పడింది. చిన్నాయిన మూడోనాడు పొద్దున్నే అన్నతో, "ఈసారి పొట్టేలుకు నేనే పసుపు పెడ్త" అన్నాడు.

ఆ తర్వాత జరిగిందంతా ఆ అమ్మాయి రోజూ ప్రార్థన కాగానే వచ్చి నాకు చెప్పేది. చిన్నాయిన అన్నను పేరు పెట్టి పిలుస్తున్నాడు. చిన్నాయిన భార్య, తనను ఇకనుంచి అక్కా అనాలని తోడికోడలితో అన్నది. తోడికోడలు బిందె కింద పెట్టి, "ఇయ్యాల అక్కా అంటె రేపు నేను నీ కాళ్లు మొక్కాల్నా ఏంది?" అన్నది. ఆ పూట ఇంట్లో ఎవరూ వండలేదు.

చివరికి ఒకరోజు మధ్యాహ్నం కుటుంబమంతా బడికి వచ్చింది. ముందు చిన్నాయిన, వెనక ఆ అమ్మాయి బాపు, వాళ్ల వెనక కర్ర పట్టుకుని అవ్వ. పెద్దసారు కిటికీలోంచి చూసి, "సోషల్ సబ్జెక్టు గదా మేడం, మీరే చూడున్రి" అని ఆఫీసు తలుపు దగ్గరికి వేసుకున్నాడు. వాళ్లను తొమ్మిదో తరగతి వరండాలో కూర్చోబెట్టాను. పిల్లలు చుట్టూ చేరారు.

చిన్నాయిన కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"కాగితం అబద్ధమాడదు గదా మేడం. గిందుల నేనే పెద్దోణ్ణి."

"వాని కంటె ముందు మీసాలొచ్చినయ్ నాకు" అన్నాడు అన్న.

"మీసాలు ఎవలకైన వస్తయ్. దానికి కాగితముందా?"

అన్న నా వంక చూశాడు. చిన్నాయిన గొంతు కొంచెం దిగింది. "మేడం, పుట్టిన కాన్నుంచి గీన తొడిగి ఇడిసిన అంగీలే తొడిగిన. గీన తిన్నంకనే తిన్న. మందెనక ఎండల నడిసింది నేను, పండుగనాడు ముంగట నిలవడేది గీన. ఒక్కసారన్న నాకు పెద్దరికం వస్తే ఏం పోతది?"

నవ్వుతున్న పిల్లలు ఆగిపోయారు. అయినా ఎవరు పెద్దో తేల్చడం తేలికే అనిపించింది. కన్నతల్లి ఎదురుగా కూర్చుని ఉంది.

"అవ్వా, నువ్వే చెప్పు. ముందెవరు పుట్టారు?"

అవ్వ నోరు తెరిచేలోపే చిన్నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆమె చెప్పేది చెల్లదు మేడం. కాగితంల సూడున్రి. మేం పుట్టినప్పటికి ఆమె ఇంక పుట్టనే లేదు."

ఎవరూ నవ్వలేదు. నేను పిల్లల వైపు చూశాను. వాళ్లు నిజంగానే ఆలోచిస్తున్నారు. మొదటి బెంచీ అమ్మాయి ఇబ్బందిగా చెయ్యెత్తింది.

"మేడం, సంగతి జరిగినప్పుడు అక్కడున్నోళ్లు చెప్పిందే ఆధారం, ఎనుక పుట్టినోళ్లు చెప్పేది గాదని మీరే చెప్పిన్రు."

"కాన్పు దగ్గర అవ్వ లేకుండ ఎట్లుంటదే?" అన్నాడు ఇంకొకడు.

"ఉన్నదని ఏం ఆధారం?"

అక్కడితో వరండా రెండుగా చీలిపోయింది. కాన్పు జరిగినప్పుడు తల్లి అక్కడ ఉండి తీరాలని ఒక గుంపు. ఉండాలనడం వేరు, ఉందని చూపడం వేరని ఇంకో గుంపు. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు వాదిస్తున్నారు. టీచర్‌గా నా జీవితంలో అంత మంచి చర్చ అంతకుముందు జరగలేదు, తర్వాతా జరగలేదు. అవ్వ అందరినీ ఒకసారి చూసి నా వైపు తిరిగింది.

"గిట్ల నువ్వు చెప్పినవా బిడ్డా పిల్లలకు?"

"ఇట్లా కాదవ్వా... నేను చెప్పింది వేరు."

"కాగితంల నేను అందరికంటె చిన్నదాన్నా?"

"కాగితం ప్రకారం అంతే."

అవ్వ కాసేపు కర్రను నేల మీద ఆడించింది. "అయితే మంచిగైంది" అని లేచి ఇంటికి నడిచింది.

మర్నాటి నుంచి అవ్వ పని మానేసింది. దొడ్డి ఊడవలేదు. పొద్దెక్కేదాకా లేవలేదు. లేచి మంచం మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది. ఏమైందని పెద్దకోడలు అడిగితే, "ఇంట్ల చిన్నపిల్లకు పని చెప్తరా ఎవలన్న?" అన్నది. మధ్యాహ్నం సకినాలు కావాలన్నది. సంక్రాంతి కాదు కదా అంటే ఏడుపు ముఖం పెట్టింది. సాయంత్రం వాడపిల్లలను పిలిచి గచ్చకాయలాడింది. ఓడిపోతే తొండి చేసింది.

ఊరివాళ్లు ఒక్కొక్కరే చూడటానికి వచ్చారు. అవ్వ ఎవరొచ్చినా కొడుకులను చూపించి, "వీళ్లు మా అన్నలు" అని చెప్పేది. పెద్దకొడుకు నవ్వుకుని మందను తోలుకుపోయేవాడు. చిన్నకొడుకు ఇంట్లో ఉన్నాడంటే చాలు, మంచం మీది నుంచి పిలుపు.

"పెద్దన్నా, ఓ పెద్దన్నా, నాకు రామన్నపేటల గాజులు కొనిస్తవా?"

ఆ పిలుపు వినబడగానే అతను గోడ దూకి పోయేవాడట.

ఇంతలో గొర్రెపిల్లల సంగతి వచ్చిపడింది. తల్లి చనిపోయిన పిల్లలకు అవ్వే సీసాతో పాలు పట్టేది. అవి ఇంకెవరి చేతా తాగేవి కావు. ఒకరోజు ఆమె ఆ పని కూడా మానేసింది. కోడళ్లు పట్టబోతే తల తిప్పుకుని ఒకటే అరుపు. అవ్వ మంచం మీద అటు తిరిగి పడుకుంది కానీ, ఆ అరుపు విన్నప్పుడల్లా పాదాలు కదిలేవని ఆ అమ్మాయి చెప్పింది. రెండో పూటకు చిన్నాయిన తట్టుకోలేక సీసా తెచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. వాకిట్లో సగం వాడ ఉంది.

"జర లేవే అమ్మా. పిల్లలు సచ్చేటట్టున్నయ్."

"అమ్మా అంటవేందన్నా? నేను నీ కంటె చిన్నదాన్ని గదా."

"ఇగ చాలు తియ్యే. నన్ను కన్నదానివి నువ్వు గాదా?"

"నేనెప్పుడు కన్న నిన్ను?"

"అన్న పుట్టినంక కన్నవ్!"

అనేసిన తర్వాత అతనికి తను ఏమన్నాడో తెలిసింది. వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. అతను సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అవ్వ నవ్వలేదు. చెయ్యి చాపి సీసా తీసుకుని, అతన్ని మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, గొర్రెపిల్లను ఒళ్లోకి లాక్కుంది.

మర్నాడు ఆ అమ్మాయి బడి గేటు నుంచే పరుగెత్తుకొచ్చింది. "మేడం, తేలిపోయింది! చిన్నాయిన నోట్లెకెల్లే వచ్చింది!" తనకు నష్టమని తెలిసీ తెలియక మనిషి చెప్పే మాట చాలా గట్టి ఆధారమని ఆ రోజు క్లాసులో చెప్పాను. పిల్లలందరూ రాసుకున్నారు.

అవ్వ మాత్రం పాలు పట్టడం తప్ప మిగతా పనులకు వెంటనే దిగలేదు. మంచం మీది సుఖం ఆమెకు నచ్చింది. ఇంకొన్నాళ్లు చిన్నపిల్లగానే ఉంది. సకినాలు మాత్రం కోడళ్లిద్దరూ చేసి పెట్టారట.

పండుగకు నన్ను కూడా పిలిచారు. పొట్టేలుకు పసుపు అన్నే పూశాడు. బొట్టు పెట్టే ముందు ఆగి, కుంకుమ గిన్నె తమ్ముడి చేతికిచ్చాడు. తమ్ముడు వద్దన్నాడు, అన్న వినలేదు. చివరికి ఇద్దరూ పెట్టేసరికి పొట్టేలు నొసలంతా ఎర్రగా అయింది. కొత్త గొంగడి ఆ ఏడు రెండు కొన్నారు.

భోజనాలకు ముందు అవ్వ పక్కన గడప మీద కూర్చున్నాను. మాటల్లో అడిగాను.

"నిజంగా నువ్వెప్పుడు పుట్టావో ఏమైనా గుర్తుందా అవ్వా? వానలు లేని ఏడని గానీ, ఇంకేదైనా చెప్పేవాళ్లా?"

"నాకేమెరుక బిడ్డా. మా అమ్మ నేను మాటలు నేర్వకముందే పాయె. చెప్పేటోళ్లు ఎవలున్నరు?"

ఆ మాట ఆమె మామూలుగానే అన్నది. ఇన్నాళ్లూ ఎవరు ముందో తేల్చడానికి ఆమె మాటను కొలిచాం కానీ, ఆమె గురించి చెప్పే మనిషి ఒక్కరూ లేరని ఎవరికీ తట్టలేదు. మనవరాలు వెనక నిలబడి వింటున్నది.

"అవ్వా, అయితే నీకే రోజు గావాల్నో చెప్పు. గదే పెడ్దం."

అవ్వ నిజంగానే ఆలోచించింది. పొయ్యి మీది పెద్ద గిన్నె వైపు చూసింది. మసాలా వాసన వాకిలంతా నిండిపోయింది.

"ఇయ్యాల్నే పెట్టు. కూర గూడ ఉన్నది" అన్నది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. చిన్నకొడుకు మొదటి విస్తరి తెచ్చి ఆమె ముందు వేశాడు. ఉడికిందో లేదో చూడమని పెద్దకొడుకు గరిటెతో ఒక ముక్క తెచ్చాడు. అవ్వ అది నములుతూ, ఉప్పు తక్కువైందని కోడళ్లిద్దరినీ కలిపి తిట్టింది.